చరిత్ర సభకు జనం తగ్గిపోతుంటే ఏం చేయాలి? కడపలో పద్నాలుగేళ్ళు సభలు నడిపిన అనుభవంతో

ప్రొద్దుటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఏడాది కిందట నలుగురు మిత్రులు కలిసి స్థానిక చరిత్ర సంఘం పెట్టుకున్నారు. నెలకొక ఉపన్యాసం. మొదటి సభకు అరవై మంది దాకా వచ్చారు. పోయిన నెల తొమ్మిది మందే, అందులో నలుగురు నిర్వాహకులు. వక్తలు మంచివాళ్ళే, విషయాలూ మంచివే. ఉపన్యాసాలు ఆపేసి యాత్రలు, వనభోజనాలు పెట్టుకుంటే మేలా, మా ఊరికి ఏ విషయాలు పెట్టాలి అని అడుగుతున్నారు.

ఉపన్యాసాలు ఆపొద్దు. వాటిని సగానికి తగ్గించి, మిగిలిన సగం సమయం కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ఇవ్వండి. ఊరి చరిత్ర సభలో వక్తకు తెలియని సంగతి వినేవాళ్ళలో ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది. ఆ మాట బయటికి వచ్చేలా సభ నడిస్తే జనం మళ్ళీ వస్తారు. యాత్రలు, భోజనాలు కూడా పెట్టండి, కానీ అవి కూడా ఈ పని కోసమే ఉండాలి.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సోషల్ చెప్పి రిటైర్ అయ్యాను. కడపలో మా చిన్న సంఘానికి పద్నాలుగేళ్ళుగా కార్యదర్శిని. మాది ముప్ఫై నలభై మంది వచ్చే సంఘం, అంతకంటే పెద్దది కాదు. అయినా మీకు వచ్చిన కష్టమే మాకు రెండో ఏడు వచ్చింది. అప్పుడు మేమేం మార్చామో చెప్తాను.

మొదటి ఏడాది మా సభలు ఎలా ఉండేవంటే, వేదిక మీద ఆరుగురు, కింద జనం. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు. ఒకసారి గడియారం పెట్టుకుని చూశాను. వక్త మైకు ముందుకు వచ్చేసరికి గంటా పది నిమిషాలు అయిపోయింది. పుష్పగిరి శాసనాల మీద ఆరు నెలలు కష్టపడి రాసుకొచ్చిన మనిషికి ఇరవై ఐదు నిమిషాలు దొరికాయి. ఆయన కాగితాలు తిప్పేసుకుంటూ ముగించారు. వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోతూ, "ఏదో తెలుస్తుందని వచ్చినాం మేడమ్, వంటకు పొద్దుపోయింది" అన్నారు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

ఆ నెల నుంచి వేదిక తీసేశాం. శాలువా లేదు, జ్ఞాపిక లేదు. వక్తకు దారి ఖర్చులు, ఒక మంచి పుస్తకం ఇస్తాం. కుర్చీలు గుండ్రంగా వేస్తాం. పరిచయం రెండు నిమిషాలు, ఉపన్యాసం నలభై నిమిషాలు, మించనివ్వం. తర్వాత ఇరవై నిమిషాలు టీ. ఆ తర్వాత గంట సేపు అందరి మాట. ఈ మార్పుకు మాలో ఇద్దరు పెద్దలు నొచ్చుకుని రావడం మానేశారు. ఒకరు రెండేళ్ళకు తిరిగి వచ్చారు, ఇంకొకరు రాలేదు. మీకూ అలాగే జరగొచ్చు, జరిగినా వెనక్కి తగ్గొద్దు.

టీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా అక్కడే. మైకు చేతికిస్తే మన పల్లె మనిషి నోరు కట్టుబడిపోతుంది. "నాకేం తెలుసు మేడమ్, సదువుకున్నోళ్ళు చెప్పాల" అంటారు. అదే మనిషి టీ గ్లాసు చేతిలో పట్టుకుని పక్కవాడితో నిలబడ్డప్పుడు అసలు సంగతి చెప్తాడు. అందుకే టీ సమయంలో మాలో ఇద్దరం నోటు పుస్తకాలతో జనంలో తిరుగుతాం. ఎవరు ఏం అంటున్నారో విని, రెండో భాగంలో "ఇందాక ఈ అన్న ఒక మాట చెప్పాడు, అదేందో మనందరికీ చెప్పన్నా" అని అడుగుతాం. అప్పటికే ఒకసారి చెప్పిన మాట కాబట్టి బెరుకు ఉండదు.

కేసీ కెనాల్ మీద సభ జరిగిన రోజు ఇది బాగా అర్థమైంది. కర్నూలు–కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ 1863లో మొదలుపెట్టి 1870 నాటికి తవ్వింది. సుంకేసుల దగ్గర మొదలై మూడు వందల కిలోమీటర్లకు పైగా పారి మన కడప దాకా వస్తుంది. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వమే కొనేసింది. మా వక్త ఇదంతా చక్కగా చెప్పారు. నీళ్ళకే కాకుండా పడవలు నడపడానికి కూడా ఆ కాలువ తవ్వారని, అందుకే పడవలు ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటేలా లాకులు కట్టారని చెప్పారు. అయితే పడవల సంగతి ఆయన ఒక్క వాక్యంలో దాటేశారు, కాగితాల్లో ఆయనకు దొరికింది అంతే.

టీ దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. రిటైర్ అయిన లస్కరు, అంటే కాలువ కాపలా ఉద్యోగి. కాలువ గట్ల మీద ముప్ఫై ఏళ్ళు తిరిగిన మనిషి. ఆయన నాతో కాదు, టీ పోసే అబ్బాయితో చెప్తున్నాడు: "మా జేజినాయన కూడా లస్కరే. లాకు కాడ రాతి అంచుకు తాళ్ళ రాపిడి గీతలుండాయి, యేలు పెడితే యేలు దూరతాది. పడవలు లాగిన తాళ్ళంట." నేను ఆయన్ను చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఆ రోజు రెండో భాగం గంట కాదు, గంటన్నర నడిచింది. తూములు ఎవరి పేర్లతో పిలిచేవాళ్ళు, వంతుల కోసం రాత్రిళ్ళు లాంతర్లతో ఎలా కాపలా కాసేవాళ్ళు, గండి పడితే ముందు ఎవరికి కబురు పోవాలి, అన్నీ చెప్పాడు. మా వక్త తన కాగితాలు పక్కన పెట్టి ఆయన చెప్పింది రాసుకున్నారు. తర్వాతి నెల ఆ లస్కరు తనతోపాటు మరో ముగ్గురిని తీసుకొచ్చాడు. మా సభలకు రైతులు రావడం అక్కడ మొదలైంది.

విషయం ఎంపిక. కొత్త సంఘాలన్నీ చేసే పని ఒకటే. గండికోట, అన్నమయ్య, సి.పి. బ్రౌన్, ఒంటిమిట్ట. నాలుగు నెలలు అయ్యాక ఏం పెట్టాలో తెలియదు. ఇవి గొప్ప విషయాలే, నాకు ప్రాణమే. కానీ వాటి గురించి వచ్చేవాళ్ళందరికీ ఇంతో అంతో తెలుసు, పైగా కలపడానికి వాళ్ళ దగ్గర సొంత మాట ఉండదు. పెద్ద విషయాన్నే తీసుకోండి, కానీ చిన్న దారిలోంచి వెళ్ళండి. బ్రౌన్ మీద వంద ఉపన్యాసాలు విన్నాం. ఆయన 1820లో కడపకు వచ్చి, బంగళా కొని, పండితులను, లేఖకులను జీతాలిచ్చి పెట్టుకుని తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడని అందరికీ తెలుసు. మేము బ్రౌన్‌ను పక్కన పెట్టి ఆ లేఖకుల మీద సభ పెట్టాం. తాటాకు మీద గంటంతో రాయడం ఎలా, ఒక ఆకు రాయడానికి ఎంత సేపు పడుతుంది, ఎక్కడ తప్పులు దొర్లుతాయి. ఒక తాటాకు, గంటం తెప్పించి వచ్చినవాళ్ళందరి చేతా ఒక్కో అక్షరం రాయించాం. మన అక్షరాలు ఎందుకంత గుండ్రంగా ఉంటాయో పిల్లలకు ఆ రోజు చేతి వేళ్ళతో తెలిసింది, అడ్డగీత గట్టిగా గీస్తే ఆకు నిలువునా చీలిపోతుంది.

బతికున్నవాళ్ళకు జ్ఞాపకం ఉన్న చరిత్ర కూడా పెట్టండి. 2001లో బుగ్గవంక పొంగి కడపలో వీధులు మునిగిన సంగతి మీద ఒక సభ పెడితే హాలు చాలలేదు. ఎవరింట్లో నీళ్ళు గోడ మీద ఎంత ఎత్తు వచ్చాయో ఒక్కొక్కరినీ అడిగి పట్టణం పటం మీద గుర్తులు పెట్టించాం. చదువురాని ఆడవాళ్ళు లేచి వచ్చి పటం మీద తమ వీధి ఎక్కడుందో వెతికి వేలు పెట్టి చూపించారు. అలాంటి పటం ఇంకే ఆఫీసులోనూ దొరకదు.

వస్తువుల సభ. ఏడాదికి రెండుసార్లు వక్త లేకుండా సభ పెడతాం. ఎవరింట్లో పాతది ఏదుంటే అది తెచ్చుకోవాలి, ఐదు నిమిషాలు దాని గురించి చెప్పాలి. మీకు జనం తగ్గారు కాబట్టి ముందుగా ఇదే పెట్టండి. మానికలు, పడులు, రాగి బిందెలు, పెళ్ళి పత్రికలు, ఫొటోలు, బర్మా నుంచి వచ్చిన ట్రంకు పెట్టెలు వస్తాయి. పనికిరావని మీకు అనిపించినా ఏదీ కాదనకండి.

ఒకసారి ఒకావిడ రేకు డబ్బాలో మడతపెట్టిన దస్తావేజు తెచ్చింది. మడతల దగ్గర కాగితం పొడి రాలుతోంది. గొలుసుకట్టు రాత. అక్షరం అక్షరానికి కలిపి, కలం ఎత్తకుండా రాసింది. అచ్చు పుస్తకాలు చదివిన మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మా సభకు వచ్చే ఒక పాత కరణం కుటుంబం పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, పాట చదివినట్టు గడగడా చదివేశారు. ఫసలీ 1326 అని ఉంది, ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలై నుంచి లెక్క. అంటే 1916–17 నాటి కాగితం. ఆయన నాలుగు హద్దులు చదువుతున్నారు: తూర్పున వంక, దక్షిణాన బండ్ల బాట, పడమట చింతచెట్టు, ఉత్తరాన దిగుడు బావి. "దిగుడు బావా? అదిప్పుడు కాంప్లెక్స్ కింద పడిపోయిండ్లా!" అని వెనక నుంచి ఒకరు. "మేము ఆ బావిలోనే ఈత నేర్చుకున్న్యాం" అని ఇంకొకరు. అరగంటలో ఆ బావి ఎక్కడుండేది, ఎన్ని మెట్లు, ఏ ఏడు పూడ్చారు, అన్నీ తేలాయి.

ఈ గొలుసుకట్టు రాసే కరణాల పద్ధతి 1984లో రద్దయింది. గొలుసుకట్టు ధారాళంగా చదవగలిగినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. మీ ప్రొద్దుటూరు చుట్టుపక్కల అలాంటి పెద్దవాళ్ళు ఎవరున్నారో ఈ వారమే వెతకండి. వాళ్ళ పక్కన ఒక డిగ్రీ పిల్లనో పిల్లవాణ్ణో కూర్చోబెట్టి నేర్పించమని అడగండి. మాకు ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు ఇప్పుడు సొంతంగా చదువుతున్నారు. పద్నాలుగేళ్ళలో మా సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చింది ఇదే.

యాత్రలు. బస్సు మాట్లాడుకుని, నాలుగు చోట్లు చుట్టి, ఫొటోలు దిగి రావడం వేరు. రోజుకు ఒకే చోటు పెట్టుకోండి, అక్కడ చేయడానికి ఒక పని ఉండాలి.

పోరుమామిళ్ళ చెరువు యాత్ర చెప్తాను. ఆ చెరువు కట్టించింది విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, 1369లో. శాసనం రెండు రాతి పలకల మీద ఉంది. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో రాసి ఉంది. అంతకంటే గొప్పది ఏమిటంటే, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, చెరువుకు రాకూడని ఆరు దోషాలు కూడా చెక్కించారు. శాసనం సంస్కృతంలో ఉంటుంది కాబట్టి మేము ముందే తెలుగులో సులువుగా రాసుకుని, జిరాక్సులు తీసుకుని వెళ్ళాం. చెరువు కట్ట మీద కూర్చుని, ఆ ఊరి రైతులను కూడా పిలిచి, ఒక్కో వాక్యం చదివాం.

దోషాల దగ్గర చర్చ లేచింది. కట్టలోంచి నీళ్ళు ఊరడం, చౌడు నేల, చెరువు మధ్యలో మిట్ట, నీళ్ళు తక్కువ ఉండి ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు కొంచెమే ఉండి నీళ్ళు ఎక్కువ కావడం. వీటికి అందరూ తలలు ఊపారు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం కూడా దోషమే అని చదివేసరికి మా పట్నం వాళ్ళకు అర్థం కాలేదు, యుద్ధాలొస్తాయనేమో అనుకున్నారు. ఒక రైతు అందుకున్నాడు: "యుద్ధం దాకా యాల మేడమ్. రెండూళ్ళ నడిమిట్ల చెరువుంటే పూడిక ఎవురు తీస్తారు? మీరు తీయండంటే మీరు తీయండంటారు. అలుగు కాడ కొట్టుకుంటారు." ఆరు వందల యాభై ఏళ్ళ కిందటి మాటకు అర్థం చెప్పడానికి ఆయనకు ఒక్క నిమిషం పట్టింది. తర్వాత పన్నెండు అంగాల్లో ఇప్పటి చెరువుకు ఎన్ని మిగిలాయో కట్ట మీద నడుస్తూ లెక్క వేశాం. మధ్యాహ్నం ఆ ఊళ్ళోనే సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, వంకాయ కూర వండించుకుని తిన్నాం. అక్కడి రైతులు మాతోపాటే కూర్చున్నారు. భోజనం దగ్గర వచ్చిన మాటలు కట్ట మీద వచ్చినవాటికంటే ఎక్కువే.

శాసనాల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక చిన్న ఉపాయం. మిట్టమధ్యాహ్నం ఎండలో రాయి చూస్తే చదునుగా కనిపిస్తుంది, అక్షరమే లేదనుకుంటాం. సాయంత్రం చీకటి పడ్డాక వెళ్ళి, టార్చి లైటును రాయికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు రాయికి ఆనించినట్టు పట్టుకోండి. గీసిన ప్రతి గీతలోనూ నీడ పడుతుంది. ఒక పల్లెలో రచ్చబండ పక్కన పసుపు పూసిన రాయికి ఇలా లైటు పట్టాం. మొదట ఏమీ లేదు. చేయి కొంచెం కిందికి దించేసరికి "స్వస్తి శ్రీ" అని మూడు అక్షరాలు నల్లగా లేచాయి. అప్పటిదాకా దూరంగా నిలబడి చూస్తున్న ఊరి పిల్లలు ఒక్కసారిగా రాయి చుట్టూ మూగారు. ఒక పిల్ల లైటు తన చేతికి ఇమ్మని అడిగి, తానే తిప్పి తిప్పి తర్వాతి వరస వెతికింది.

రాయికి చేయకూడనివి మాత్రం గట్టిగా చెప్పండి. ఇనుప బ్రష్షు, యాసిడ్, నూనె, సుద్దముక్క, పెయింటు, ఇవేవీ తాకించకూడదు. ఒక ఊళ్ళో కుర్రవాళ్ళు మంచి మనసుతోనే శాసనం అక్షరాల్లో తెల్ల ఎనామిల్ పెయింటు నింపారు. తెలియని చోట వాళ్ళు ఊహించి గీసిన గీతలే ఇప్పుడు అక్షరాలుగా కనిపిస్తున్నాయి, అసలు గీత ఎటు పోయిందో తెలియదు. నీళ్ళు, మెత్తటి బ్రష్షు, ఓపిక చాలు. కాగితంతో అచ్చు తీయడం తెలిసినవాళ్ళ పని. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి కావాలి. తవ్వకాల జోలికి అసలు పోవద్దు. నాణేలో, విగ్రహమో బయటపడిందని ఎవరైనా చెప్తే ఊరి రెవెన్యూ అధికారులకు తెలియజేయమనండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, దాచిపెడితే శిక్ష ఉంటుంది.

గొడవలు. వస్తాయి. కులం, వంశం, గుడి, మసీదు, ఏదో ఒక దగ్గర మాట పెరుగుతుంది. మాకు పెద్ద గొడవ పాలెగాళ్ళ మీద సభ పెట్టినప్పుడు వచ్చింది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాక, కలెక్టరుగా మన్రో వచ్చేనాటికి ఈ దత్తమండలాల్లో ఎనభై మంది పాలెగాళ్ళు ఉన్నారు. మన్రో వాళ్ళ సైన్యాలను, కోటలను తీసేశాడు. హాల్లో పాలెగాళ్ళ వంశం వాళ్ళు ఉన్నారు. పాలెగాళ్ళు వసూలు చేసిన కావలి పన్ను కథలు విని పెరిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకరు "మా వాళ్ళు ఊరిని కాపాడినారు" అంటే ఇంకొకరు "దోచినారు" అన్నారు. కుర్చీలు జరిగాయి.

అప్పటి నుంచి సభలో ఒక బోర్డు పెట్టి మూడు గడులు గీస్తాం. చూసింది, చదివింది, విన్నది. ఎవరు ఏం చెప్పినా, అది ఏ గడిలో రాయాలో చెప్పినవాళ్ళే నిర్ణయించాలి. రాయి మీదో, కాగితం మీదో కళ్ళారా చూస్తే మొదటి గడి. అచ్చు పుస్తకంలో చదివితే రెండోది. పెద్దలు చెప్పగా వింటే మూడోది. మూడో గడి తక్కువదని ఎవరినీ అననివ్వం. కర్నల్ మెకంజీ రాయించిన ఊళ్ళ చరిత్రల్లో, అంటే కైఫీయత్తుల్లో, చాలావరకు మూడో గడి మాటలే. ఆయన గుమాస్తాలు ఊరూరా తిరిగి కరణాలు, పెద్దలు చెప్పింది రాసుకోబట్టే రెండు వందల ఏళ్ళ కిందటి మన పల్లెల సంగతులు ఈ రోజు మన చేతిలో ఉన్నాయి. కానీ విన్నదాన్ని చూసినట్టు చెప్పనివ్వం. ఈ బోర్డు పెట్టాక గొంతులు వాటంతటవే తగ్గాయి. ఒకరి మీద ఒకరు అరవడం పోయి, బోర్డు వైపు చూస్తూ మాట్లాడడం వచ్చింది.

అలాగని సున్నితమైన విషయాలను తప్పించుకోవద్దు. ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లిం కుటుంబాలు వచ్చి కొబ్బరికాయలు కొట్టడం మన ఊరి ఆచారం. ఆ ఆచారం మీద మేము పెట్టిన సభలో వక్త లేరు. స్వామిని పెళ్ళాడిన ముస్లిం పిల్లగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ కథ తమ ఇళ్ళల్లో ఎలా చెప్పుకుంటారో ముగ్గురు ముస్లిం అక్కలు చెప్పారు, గుడి వీధి వాళ్ళు తాము విన్నది చెప్పారు. రెండు కథలకు తేడాలున్నాయి. రెండూ మూడో గడిలో పక్కపక్కనే రాశాం.

మిగతావి చకచకా చెప్పేస్తాను. రోజు ఒకటే పెట్టుకోండి, మార్చొద్దు. మాది రెండో ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. ఆరున్నర దాటితే ఆడవాళ్ళకు ఇబ్బంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు హాల్లో కూర్చోలేం, అప్పుడు ఎవరింటి మిద్దె మీదో రాత్రి ఏడు తర్వాత చాపలేసుకుని కూర్చుంటాం. ఆ సభలకు ఇరుగుపొరుగు వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. తినడానికి బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, తరిగిన ఎర్రగడ్డలు చాలు. వనభోజనానికైతే ఉగ్గాని, బజ్జీ. ఫ్లెక్సీకి పెట్టే డబ్బు టీకి పెట్టండి. కబురు వాట్సాప్‌లో ఒక్కసారి పెట్టి వదిలేయకుండా, ఆ విషయంతో సంబంధం ఉన్న నలుగురి ఇళ్ళకు స్వయంగా వెళ్ళి పిలవండి. పిలుపు అందుకున్న ఆ నలుగురే సభను నిలబెడతారు. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులు చాలు, కానీ తొందరేం లేదు, బ్యాంకు ఖాతా అవసరం పడినప్పుడు చేయించుకోవచ్చు. రాజకీయ నాయకుల దగ్గర విరాళం తీసుకోవద్దు, తీసుకుంటే మళ్ళీ వేదిక వేయాల్సి వస్తుంది.

ఇక రాసుకోవడం. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. మా సభకు తొంభై దాటిన ఒక అవ్వ మనవరాలితో వచ్చేది. ధాతు కరువు, అంటే 1876–78 నాటి పెద్ద కరువు, గురించి మాటల్లో వస్తే, తన జేజి పదేళ్ళ పిల్లగా ఉండగా ఆ కరువులో ఏం తిన్నారో చెప్పేదని అంది. ఏ గడ్డలు తవ్వారు, ఏ ఆకు ఉడకబెట్టారు, గంజి కోసం ఎంత దూరం నడిచారు. అందరం గుక్క తిప్పుకోకుండా విన్నాం. ఆ రోజు ఫోన్లో రికార్డు చేయలేదు. "వచ్చే నెల ఇంటికి వచ్చి తీరిగ్గా రాసుకుంటాం అవ్వా" అన్నాను. నెల తిరగకుండానే ఆమె పోయింది. ఆ ఆకుల పేర్లు ఐదు చెప్పింది, మా అందరికీ కలిపి రెండే గుర్తున్నాయి. ఆ రోజు విన్నది ఆ రోజే రికార్డు చేయండి, మరుసటి రోజే రాయండి. చెప్పినవాళ్ళ అనుమతి అడగండి, వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే రాయండి, రాసింది ఒక ప్రతి వాళ్ళ ఇంటికి ఇచ్చి రండి. ఆ ప్రతి చూసి ఇంట్లోవాళ్ళు ఇంకో నాలుగు సంగతులు కలుపుతారు.

మీ ఊరికి ఏం పెట్టాలో కూడా అడిగారు కదా. కలమళ్ళ మీకు దగ్గర, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి తెలుగు శాసనం, క్రీ.శ. 575 ప్రాంతానిది, బయటపడిన ఊరు. దానవులపాడు జైన క్షేత్రం పెన్న ఒడ్డునే ఉంది. రెండిటికీ యాత్రలు పెట్టుకోవచ్చు. కానీ మొదటి సభ మాత్రం నేనైతే బంగారం పని మీద పెడతాను. ప్రొద్దుటూరుకు బంగారం అంగళ్ళ వల్ల వచ్చిన పేరు అందరికీ తెలుసు, ఆ పని చేసిన చేతుల సంగతి ఎవరూ రాసిపెట్టలేదు.

1963 జనవరిలో కేంద్రం బంగారం నియంత్రణ ఉత్తర్వులు తెచ్చింది. పద్నాలుగు క్యారెట్ల కంటే మేలిమి బంగారంతో కొత్త నగ చేయకూడదన్నారు. దేశమంతటా కంసాలుల పొయ్యిలు ఆరిపోయాయి, ఎందరో వేరే పనులకు పోయారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. బంగారం మీద నియంత్రణ తర్వాత 1968లో చట్టమై, 1990లో గానీ రద్దు కాలేదు. 1963లో పద్దెనిమిదేళ్ళ వయసులో కుంపటి ముందు కూర్చున్న మనిషికి ఇప్పుడు ఎనభై దాటింది. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడిచింది, ఎవరు ఊరు విడిచిపోయారు, పాత నగలు కరిగించి మార్చడం ఎలా సాగింది, వాళ్ళే చెప్పాలి.

ఉపన్యాసం ఇరవై నిమిషాలు చాలు, చట్టం సంగతి చెప్పడానికి. మిగతా సమయం వాళ్ళది. పాత సామాన్లు తెమ్మనండి: ఊదుగొట్టం, పటకారు, అచ్చులు, త్రాసు, గురివింద గింజలు. తూకం ఎలా వేసేవాళ్ళో వేసి చూపించమనండి. వచ్చిన పిల్లలందరి చేతా ఒక్కో గింజ త్రాసులో వేయించండి. సభకు వారం ముందే ఆ వీధిలో ఇంటింటికీ వెళ్ళి పిలవండి, ఆడవాళ్ళను కూడా ప్రత్యేకంగా పిలవండి, ఎందుకంటే ఆ కష్టకాలంలో ఇల్లు నడిపింది వాళ్ళే. రెండు ఫోన్లు రికార్డింగ్‌లో పెట్టండి, ఒకటి ఆగినా రెండోది ఉంటుంది. తేదీ ఖాయం చేసుకుని చెప్తే మా ఇద్దరు అమ్మాయిలను తీసుకుని నేనూ వస్తాను, పాత పద్దు పుస్తకాలు ఎవరైనా తెస్తే గొలుసుకట్టు వాళ్ళు చదివి పెడతారు.